హోవర్డ్‌లో సీటొచ్చింది, పంపాలా వద్దా?

ప్రశ్న: నేను హన్మకొండలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా అమ్మాయి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చేస్తే వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఫీజు మాఫీ, టీచింగ్ అసిస్టెంట్‌గా పని, నెలనెలా స్టైపెండు ఇస్తామన్నారు. ఫోన్లో చెప్పగానే అందరూ హార్వర్డ్ అనుకున్నారు. మా చిన్నాన్న వాడకట్టంతా స్వీట్లు పంచిండు. రెండు రోజులకు డాలస్‌లో ఉండే మా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, అది హార్వర్డ్ కాదు, హోవర్డ్. నల్లోళ్ల కాలేజీ. ఏరియా మంచిది కాదు. రిజ్యూమెలో ఆ పేరుంటే ఎవడూ ఇంటర్వ్యూకి పిలవడు. ఇంకో ఏడాది ఆగి వేరేచోట ట్రై చేయించు" అన్నాడు. అప్పట్నుంచి మా ఆవిడకు నిద్ర లేదు. అమ్మాయి మాత్రం పోతే అక్కడికే పోతానంటోంది. తెలియక అడుగుతున్నాను. నల్లవాళ్ల కోసం పెట్టిన కాలేజీలో మన పిల్లను రానిస్తారా? వాళ్ల మధ్య ఒంటరిదైపోదా? ఆ చదువుకు విలువుంటుందా?
— ఒక తండ్రి, హన్మకొండ

జవాబు:

సార్, నా సలహా ముందే చెప్పేస్తాను. పంపండి. ఆఫర్ లెటర్‌లో కొన్ని సంగతులు తేల్చుకున్నాక పంపండి. అవేంటో చివర్లో రాస్తాను. అంతకుముందు ఆ కాలేజీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ బామ్మర్ది మీకు దాని పేరు, రంగు మాత్రమే చెప్పి వదిలేశాడు.

రానిస్తారా అన్నారు. పిలిచారు కదా సార్! అమెరికాలో హెచ్‌బీసీయూలని (హిస్టారికల్లీ బ్లాక్ కాలేజెస్ అండ్ యూనివర్సిటీస్) పిలిచే కాలేజీలు, యూనివర్సిటీలు వందదాకా ఉన్నాయి. 1964కు ముందు, నల్లజాతివాళ్ల చదువే ముఖ్య ఉద్దేశంగా పెట్టిన సంస్థలను 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ఆ పేరుతో గుర్తించింది. వాళ్ల కోసం పెట్టారు గానీ మిగతావాళ్లకు తలుపు మూయలేదు. ఇవాళ ఈ సంస్థలన్నిటినీ కలిపి చూస్తే విద్యార్థుల్లో నాలుగో వంతు దాకా వేరే జాతులవాళ్లే. హోవర్డ్ సంగతైతే ఇంకా తమాషా. 1867లో అక్కడ పాఠాలు మొదలైనప్పుడు ముందుగా వచ్చి కూర్చున్నది స్థాపకుల ఇళ్లలోని తెల్ల అమ్మాయిలే. రంగు చూసి గేటు దగ్గరే ఆపేసిన కాలేజీలు వేరే ఉన్నాయి, వాటి పేర్లు చెప్తే మనవాళ్లు స్వీట్లు పంచుతారు.

ఆ గేట్ల సంగతి తెలిస్తేనే హోవర్డ్ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. అంతర్యుద్ధానికి ముందు దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల బానిసకు అక్షరాలు నేర్పడం నేరం. యుద్ధం 1865లో ముగిసేసరికి దాదాపు నలభై లక్షల మంది సంకెళ్లు తెగి బయటికొచ్చారు. చేతిలో భూమి లేదు, చదువు లేదు. వాళ్ల పిల్లలకు పాఠం చెప్పే టీచర్ కావాలి, జ్వరమొస్తే చూసే డాక్టర్ కావాలి, కోర్టులో వాళ్ల తరఫున నిలబడే వకీలు కావాలి. ఉన్న కాలేజీలేమో చాలావరకు వాళ్లను చేర్చుకోవు. అందుకని 1867 మార్చి 2న అమెరికా పార్లమెంటు చట్టం చేసి రాజధానిలోనే ఈ యూనివర్సిటీకి చార్టర్ ఇచ్చింది. ఇప్పటికీ కేంద్ర బడ్జెట్ నుంచి దానికి ఏటా నేరుగా డబ్బు వస్తుంది.

పేరు జనరల్ ఆలివర్ ఓటిస్ హోవర్డ్‌ది. యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న తెల్ల సైనికాధికారి, విముక్తులైన బానిసల బాగోగులు చూసే ప్రభుత్వ సంస్థకు అధిపతి, తర్వాత ఈ యూనివర్సిటీకే అధ్యక్షుడు. ఆ మనిషే 1877లో సైన్యాన్ని వెంటేసుకుని నెజ్ పెర్స్ ఆదివాసులను వాళ్ల నేల మీంచి తరిమాడు కూడా. కడిగిన ముత్యంలాంటి మహానుభావులు ఏ దేశ చరిత్రలోనూ తక్కువే.

ఇక హార్వర్డ్, హోవర్డ్ గందరగోళం. మీ అమ్మాయిది కెమిస్ట్రీ కాబట్టి ఒక కెమిస్ట్ సంగతి చెప్తాను. పెర్సీ జూలియన్ అలబామాలో పుట్టాడు, బానిసల మనవడు. డిగ్రీలో క్లాసు మొత్తానికి ఫస్ట్ వచ్చాడు. 1923లో హార్వర్డ్‌లో మాస్టర్స్ చేశాడు. అక్కడే డాక్టరేట్ చేద్దామనుకుంటే టీచింగ్ అసిస్టెంట్ పని ఇవ్వలేదు. నల్లవాడు పాఠం చెప్తే తెల్ల పిల్లలు ఊరుకోరని భయం. ఆ పని దొరక్కపోతే చదువు సాగదు. ఆయన హోవర్డ్‌లో కొన్నాళ్లు పాఠాలు చెప్పాడు, యూరప్ పోయి 1931లో వియన్నా నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నాడు, తిరిగొచ్చి హోవర్డ్ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌కు పెద్దగా కూర్చున్నాడు. తర్వాత డిపావ్ యూనివర్సిటీలో ఉండగా 1935లో, కంట్లో నీటికాసులకు వాడే ఫైసోస్టిగ్మిన్ అనే మందును ల్యాబ్‌లోనే పూర్తిగా తయారుచేసి చూపించాడు. సోయా గింజల నుంచి హార్మోన్లు చవగ్గా తీసే పద్ధతులు కనిపెట్టిందీ ఆయనే. హార్వర్డ్ జూలియన్‌కి ఇవ్వనన్న పని ఏదో, హోవర్డ్ ఇప్పుడు మీ అమ్మాయికి ఇస్తానంటున్న పని అదే. మీ చిన్నాన్నకు ఈ ముక్క చెప్పండి, స్వీట్లు దండగ కాలేదని ఊరట పడతాడు.

హోవర్డ్ లా కాలేజీ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ బామ్మర్ది డాలస్‌లో ఇల్లు కొనుక్కుని ఉన్నాడంటే దాని వెనకాల ఈ కాలేజీ పని కొంత ఉంది.

1929లో చార్ల్స్ హామిల్టన్ హ్యూస్టన్ అనే వకీలు అక్కడికి వైస్ డీన్‌గా వచ్చాడు. ఆయన స్వయంగా హార్వర్డ్ లాలో చదివినవాడు. అప్పటిదాకా హోవర్డ్‌లో లా అంటే పగలంతా ఎక్కడో ఉద్యోగం చేసుకుని రాత్రిళ్లు వచ్చి కూర్చునే చదువు. హ్యూస్టన్ రాత్రి క్లాసులు తీసేసి పూర్తికాలం చదువు చేశాడు. పిల్లల్ని పిండేశాడు. సమాజాన్ని మార్చడానికి పనికిరాని వకీలు సమాజానికి పట్టిన జలగ అన్నది ఆయన పద్ధతి. ఆయన చేతికింద తయారైనవాడు థర్‌గుడ్ మార్షల్. మార్షల్‌ది బాల్టిమోర్. సొంత రాష్ట్రమైన మేరీల్యాండ్ యూనివర్సిటీ లా కాలేజీ నల్లవాళ్లను తీసుకోదు. వాళ్లమ్మ పెళ్లి ఉంగరం తాకట్టు పెట్టి హోవర్డ్‌లో ఫీజు కట్టింది. వాషింగ్టన్‌లో గది తీసుకునే స్తోమత లేక రోజూ రైల్లో బాల్టిమోర్ నుంచి వచ్చిపోయేవాడు. కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కి సికింద్రాబాద్‌లో కాలేజీకి పోయొచ్చిన పిల్లలు మీ క్లాసుల్లోంచీ వెళ్లే ఉంటారు కాబట్టి ఆ ఓపిక ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. 1933లో క్లాస్ ఫస్ట్‌తో బయటపడ్డాడు. బయటికి రాగానే గురుశిష్యులిద్దరూ కలిసి ఆ మేరీల్యాండ్ లా కాలేజీ మీదే కేసు నడిపి, ఒక నల్లజాతి కుర్రాడిని అందులో చేర్పించేదాకా వదల్లేదు.

అక్కడ మొదలైన దారి 1954 మే 17 దాకా పోయింది. బడుల్లో తెల్లపిల్లలకు వేరు, నల్లపిల్లలకు వేరు అనే పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చిన రోజది. ఆ కేసు వాదించేముందు మార్షల్ బృందం హోవర్డ్ లా కాలేజీలో రిహార్సల్ వేసేది. ప్రొఫెసర్లు జడ్జీల్లా కూర్చుని అడ్డదిడ్డమైన ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసేవాళ్లు, విద్యార్థులు కూర్చుని వినేవాళ్లు. అసలు కోర్టులో కంటే ఇక్కడే కష్టంగా ఉండాలన్నది లెక్క. 1967లో మార్షల్ ఆ సుప్రీంకోర్టుకే జడ్జి అయ్యాడు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి.

మనకేంటి సంబంధం అంటారా? 1923లో అదే సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ల కిందికి రారు కాబట్టి వాళ్లకు అమెరికా పౌరసత్వం లేదు అని భగత్‌సింగ్ థింద్ కేసులో తేల్చేసింది. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టన్‌లో దిగిందీ ఆ ఏడాదే. హార్వర్డ్‌లో చదివి అక్కడే పరిశోధన చేసినా, 1946 దాకా ఆయనకు పౌరుడయ్యే దారే లేదు. 1948లో పరదేశిగానే పోయారు. 1946లో చట్టం మారాకైనా ఇండియా మొత్తానికి ఇచ్చిన కోటా ఏడాదికి వందమంది. ఆ కోటా పద్ధతిని 1965లో ఎత్తేశారు. నల్లజాతివాళ్ల హక్కుల పోరాటం 1964లో పౌరహక్కుల చట్టాన్ని, 1965లో ఓటుహక్కు చట్టాన్ని తెచ్చిన ఊపులోనే ఈ వలస చట్టమూ వచ్చింది. గుంటూరు, కాకినాడ, వరంగల్ మెడికల్ కాలేజీల డాక్టర్లు గుంపులుగా విమానాలెక్కింది ఆ తర్వాతే. బామ్మర్దిగారికి ఇది చెప్పి గొడవ పెట్టుకోమని కాదు. ఆయన నోటి నుంచి ‘నల్లోళ్ల కాలేజీ’ అనే మాట ఎంత తేలిగ్గా వచ్చిందో, మీకు అది అంత తేలిగ్గా వినపడకూడదని చెప్తున్నాను.

ఇండియాతో ఆ కాలేజీకి ఉన్న చుట్టరికం కూడా చిన్నదేం కాదు. హోవర్డ్‌లో చాపెల్‌కు, అంటే క్యాంపస్ ప్రార్థనా మందిరానికి, డీన్‌గా ఉన్న హోవర్డ్ థర్మన్ 1935లో భార్యతో, మరికొందరితో ఇండియా వచ్చాడు. (ఆయన పేరులోనూ హోవర్డ్ ఉంది, కాలేజీతో సంబంధం లేదు.) 1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీగారిని కలిశారు. గాంధీ వాళ్లను కూర్చోబెట్టి బానిసత్వం గురించి, ఓటు గురించి, చెట్లకు వేలాడదీసి చంపే మూకల గురించి గుచ్చిగుచ్చి అడిగాడట. కల్తీలేని అహింసా సందేశం ప్రపంచానికి బహుశా నల్లజాతివాళ్ల ద్వారానే అందుతుందేమో అని ఆ రోజే అన్నాడు. హోవర్డ్‌కు మొదటి నల్లజాతి అధ్యక్షుడు మోర్డికై జాన్సన్, 1926 నుంచి 1960 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. ఆయన ఇండియా పోయొచ్చి 1950లో ఫిలడెల్ఫియాలో గాంధీ మీద ఉపన్యాసం చేశాడు. వింటున్నవాళ్లలో మతవిద్య చదువుతున్న ఒక యువకుడున్నాడు. విన్నాక నేరుగా పోయి గాంధీ మీద పుస్తకాలు అరడజను కొనుక్కున్నాడు. ఆ యువకుడు మార్టిన్ లూథర్ కింగ్.

నాకు వీటన్నిటికంటే గుచ్చుకునేది బెంజమిన్ మేస్ సంగతి. ఆయన హోవర్డ్‌లో మతవిద్య కాలేజీకి డీన్. 1937లో మైసూరులో ఒక అంతర్జాతీయ సభకు వచ్చాడు. అక్కడికి దగ్గర్లో అంటరానివాళ్ల పిల్లల బడికి ఆయన్ని పిలిచారు. హెడ్మాస్టరు పిల్లలకు పరిచయం చేస్తూ, ఈయన అమెరికాలో అంటరానివాడు, మనలాంటివాడే అయినా ఇంత పైకి వచ్చాడు చూడండి అన్నాడు. మేస్‌కు ముందు ఒళ్లు మండింది. డీన్‌ని, డాక్టరేట్ ఉన్నవాణ్ని, నన్నట్లా అంటాడేంటి అనుకున్నాడు. కాసేపు ఆలోచించాక, తన దేశంలో తను ఎక్కడెక్కడ తినకూడదో, ఎక్కడెక్కడ కూర్చోకూడదో గుర్తొచ్చి, ఆ హెడ్మాస్టరు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదని ఒప్పుకున్నాడు. తన ఆత్మకథలో రాసుకున్నాడిది. మీరూ టీచరే. మన దగ్గర వెల్ఫేర్ హాస్టల్ పిల్లలు అని మూతి విరుస్తూ అనే మాట స్టాఫ్‌రూముల్లో మీ చెవిన పడకుండా ఉండదు. డాలస్ నుంచి వచ్చిన మాట దానికి అక్కో చెల్లో.

ఇక అమ్మాయి రోజులెలా గడుస్తాయో చెప్పాలి. పీహెచ్‌డీ చేసేవాళ్ల జీవితం ఎక్కడైనా ల్యాబు, లైబ్రరీ, గది. అయినా క్యాంపస్ ఊపిరి తగలకుండా పోదు. కాలేజీ గుట్ట మీద ఉంటుంది. మధ్యలో చెట్లతో, పచ్చగడ్డితో పెద్ద ఆవరణ, దాన్ని అందరూ యార్డ్ అంటారు. ఒక పక్కన ఫౌండర్స్ లైబ్రరీ, గడియారం బురుజుతో ఊరిలో చాలా దూరానికి కనిపిస్తుంది. నల్లజాతి విద్యార్థుల సంఘాల్లో పేరున్న తొమ్మిదింటిలో అయిదు హోవర్డ్‌లోనే పుట్టాయి, 1908లో మొదలైన ఆల్ఫా కప్పా ఆల్ఫాతో సహా. యార్డ్‌లో ఒక్కో సంఘానికి ఒక్కో చోటు, ఒక్కో చెట్టు ఉంటాయి. తెలియక పోయి వాళ్ల చెట్టు కింద చాప పరిస్తే చూపులు తగులుతాయి, అంతకుమించి ఏం కాదు. శుక్రవారం మధ్యాహ్నం యార్డ్‌లో నిలబడితే బట్టల షాపు ప్రకటనల షూటింగేమో అనిపిస్తుంది, అంత ముస్తాబుగా వస్తారు. అక్టోబర్‌లో హోమ్‌కమింగ్ అని పాత విద్యార్థులంతా తిరిగొచ్చే పండగ. బ్యాండు, కాళ్లతో నేలను, అరచేతులతో ఒంటిని చరుస్తూ చేసే స్టెప్ నాట్యం, ఎక్కడో ఒకడు ‘హెచ్ యూ’ అని అరిస్తే వందలమంది ‘యూ నో’ అని బదులివ్వడం. వర్జీనియాలో హాంప్టన్ యూనివర్సిటీ కూడా హెచ్ యూనే. అసలైన హెచ్ యూ ఎవరన్నదాని మీద వాళ్లిద్దరికీ తరతరాల తగువు. మీ అమ్మాయి ఏ పక్షమో చేరిన వారంలోనే తేలిపోతుంది.

కమలా హారిస్ 1986లో డిగ్రీ తీసుకుంది ఇక్కడే. 2024లో ఓడిపోయిన మర్నాడు ఓటమిని ఒప్పుకుంటూ మాట్లాడిందీ ఈ యార్డ్‌లోనే. ఆమె తల్లి శ్యామల తమిళమ్మాయి, పరిశోధన చేయడానికి ఒంటరిగా అమెరికా పోయిన సైంటిస్టు. మీ ఆవిడకు ఈ మాట చెప్పండి, కాస్త ధైర్యం వస్తుంది.

‘వాళ్ల మధ్య’ అన్నారు. ఎవరి మధ్య సార్? అక్కడ చదివేవాళ్లలో అట్లాంటా పిల్లలుంటారు, డెట్రాయిట్ పిల్లలుంటారు, నైజీరియా, ఘనా, జమైకా, ట్రినిడాడ్ నుంచి వచ్చినవాళ్లుంటారు. స్వతంత్ర నైజీరియాకు మొదటి అధ్యక్షుడైన అజికివే కొన్నాళ్లు హోవర్డ్ విద్యార్థే. లాగోస్ నుంచి స్టైపెండు మీద వచ్చిన అమ్మాయికి, హన్మకొండ నుంచి వచ్చిన అమ్మాయికి కష్టాలన్నీ ఒక్కటే. వీసా, అద్దె, గైడు, ఇంటి మీద బెంగ. ఒంటరితనం మొదటి చలికాలంలో ఎవరికైనా తప్పదు, డాలస్‌లోనైనా తప్పదు. తిండికి ఢోకా లేదు. క్యాంపస్ నుంచి నడిచిపోయే దూరంలో, యూ స్ట్రీట్ చుట్టుపక్కల, ఇథియోపియా హోటళ్లు వరసగా ఉంటాయి. వాళ్ల ఇంజెరా పుల్లటి పెద్ద దోసెలా ఉంటుంది, దాని మీద నాలుగైదు రకాల పప్పులు, కూరలు వేసిస్తారు. మాంసం ముట్టని వాళ్లు కూడా కడుపునిండా తినొచ్చు. గుడి కావాలంటే మేరీల్యాండ్‌లోని లాన్హమ్‌లో శివవిష్ణు ఆలయం ఉంది, సెలవు రోజున అక్కడ తెలుగు వినపడకపోతే ఆశ్చర్యపోవాలి.

లైబ్రరీ సంగతి ఒకటి చెప్పకుండా వదల్లేను. అక్కడి మూర్‌లాండ్–స్పింగార్న్ సంగ్రహం నల్లజాతి చరిత్ర మీద ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. దాన్ని నిలబెట్టింది డోరతీ పోర్టర్ అనే లైబ్రేరియన్, 1930 నుంచి నలభై ఏళ్లకు పైగా. ఆమె చేరేనాటికి చాలా లైబ్రరీలు పుస్తకాలకు డ్యూయీ అంకెలు వేసేవి, అంటే ఒక్కో విషయానికి ఒక్కో అంకె. నల్లజాతి రచయిత రాస్తే చాలు, అది కవిత్వమైనా సరే, తీసుకుపోయి 325లోనో 326లోనో పెట్టేవాళ్లు. 325 అంటే వలసలు, 326 అంటే బానిసత్వం. కవిత్వం అరలో, సంగీతం అరలో, వైద్యం అరలో వాళ్లకు చోటే లేదు. పోర్టర్ ఆ అంకెలు పక్కన పడేసి కవిని కవుల్లో, సంగీతకారుణ్ని సంగీతకారుల్లో పెట్టింది. పుస్తకాలు కొనడానికి డబ్బుల్లేకపోతే ప్రచురణకర్తలకు ఉత్తరాలు రాసి అడుక్కుని తెచ్చుకుంది. మీ అమ్మాయికి కెమిస్ట్రీతో బుర్ర వేడెక్కినరోజున ఒకసారి ఆ గదుల్లోకి పోయి కూర్చోమనండి.

అంతా బాగుందని చెప్పి పంపిస్తే రేపు మీరు నన్ను తిడతారు. కాబట్టి లోపాలూ వినండి. 2021 అక్టోబర్‌లో విద్యార్థులు బ్లాక్‌బర్న్ అనే భవనాన్ని ఆక్రమించి, టెంట్లేసుకుని, నెలకు పైగా కదల్లేదు. హాస్టల్ గదుల్లో బూజు, ఎలుకలు, పాలకమండలిలో తమ మాట వినేవాడు లేడు, ఇవీ వాళ్ల ఫిర్యాదులు. ఆఫీసు పనులు నత్తనడకని హోవర్డ్ పిల్లలే జోకులేసుకుంటారు. ఒక సంతకం కోసం మూడు కౌంటర్లు తిరగడం మన యూనివర్సిటీల్లో పీజీ చేసిన పిల్లకు కొత్తేం కాదనుకోండి. 2022 మొదట్లో హోవర్డ్‌తో సహా చాలా హెచ్‌బీసీయూలకు బాంబు బెదిరింపులొచ్చాయి. అంటే భయపడాల్సింది ఆ కాలేజీలో ఉన్నవాళ్లను చూసి కాదు.

ఏరియా గురించి. కాలేజీ పక్కనుంచి పోయే జార్జియా అవెన్యూ పాతికేళ్ల కిందట ఎలా ఉండేదో మీ బామ్మర్ది ఎవరి దగ్గరో విని ఉంటాడు. ఇప్పుడక్కడ సమస్య అద్దెలు. డబ్బున్నవాళ్లు వచ్చి చుట్టూ ఇళ్లు కొనేశారు. 2019లో ఆ కొత్తగా వచ్చినవాళ్లు కుక్కల్ని తీసుకొచ్చి యార్డ్‌లో తిప్పుతున్నారని పెద్ద గొడవైంది. నూటయాభై ఏళ్లుగా ఉన్న కాలేజీని, నచ్చకపోతే వేరేచోటికి మార్చుకోమని సలహా ఇచ్చిన మహానుభావుడు కూడా ఒకడు తేలాడు. పెద్ద ఊరు కాబట్టి రాత్రిపూట ల్యాబ్ నుంచి ఒంటరిగా నడిచి రావద్దు, ఫోన్ చూసుకుంటూ రోడ్డు మీద పోవద్దు, యూనివర్సిటీ షటిల్ బస్సు వేళలు తెలుసుకోవాలి. హైదరాబాద్ పంపినా ఈ జాగ్రత్తలే చెప్తారు కదా.

ఉద్యోగాల మాట. అమెరికాలో పరిశోధన ఎక్కువగా జరిగే యూనివర్సిటీలకు ఆర్1 అని ఒక స్థాయి ఉంటుంది. 2025లో హోవర్డ్‌కు అది దక్కింది, ఆ ఏడాది హెచ్‌బీసీయూలన్నిట్లో దానికొక్కదానికే. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసినవాళ్లను తీసుకునేటప్పుడు చూసేది గైడు ఎవరు, ఏం పేపర్లొచ్చాయి, ఏ పరికరాల మీద చెయ్యి తిరిగింది అన్నవి. రంగు చూసి పక్కన పెట్టే మేనేజర్లు లేరని నేననను, ఉంటారు, అలాంటివాడికి మీ అమ్మాయి పేరు కూడా నచ్చదు. హెచ్‌1బీ లాటరీకేమో కాలేజీ పేరే తెలియదు. ఇంకో ఏడాది ఆగితే ఇంతకంటే మంచి ఆఫర్ వస్తుందని మీ బామ్మర్ది రాసిస్తాడా? చేతిలో ఉన్నది ఫీజు మాఫీతో, స్టైపెండుతో ఉన్న సీటు. ముప్పై నలభై లక్షలు బ్యాంకులో అప్పు చేసి, పేరు ఎప్పుడూ వినని కాలేజీల్లో మాస్టర్స్‌కు పంపేవాళ్లను ఎవరూ ఆపట్లేదు, ఈ పిల్లను ఆపుతున్నారు. నాకైతే ఇది చదువు మీద బెంగలా కనపడలేదు.

ఇప్పుడు తేల్చుకోవాల్సినవి. స్టైపెండు తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? తొమ్మిదికే అయితే వేసవిలో ఏం తిని బతకాలి, గైడు గ్రాంటులోంచి ఇస్తారా? ఫీజు మాఫీ అంటే ట్యూషన్ ఒక్కటేనా, మిగతా ఫీజులు ఎంత కట్టాలి? ఆరోగ్య బీమా ఎవరు కడతారు? అసిస్టెంట్‌షిప్ ఏటా పొడిగిస్తారా, ఎన్నేళ్లు? చివరి ప్రశ్న గట్టిగా అడగాలి, ఎందుకంటే 2025 నుంచి కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధులు అమెరికా అంతటా అటూఇటూగా ఉన్నాయి. ఏ ప్రొఫెసర్ దగ్గర చేరాలనుకుంటోందో ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న పీహెచ్‌డీ విద్యార్థులిద్దరికి అమ్మాయిని నేరుగా మెయిల్ రాయమనండి. గైడు ఎలాంటివాడు, ఎన్నేళ్లలో బయటపడుతున్నారు, మీరెక్కడ ఉంటున్నారు, అద్దెంత అని. వాళ్ల నుంచి వచ్చే నాలుగు లైన్లు నేను రాసిన ఈ పేజీలన్నిటికంటే పనికొస్తాయి. గది మాత్రం క్యాంపస్‌లో దొరుకుతుందని నమ్ముకోవద్దు. మెట్రో గ్రీన్‌లైన్ కాలేజీ పక్కనుంచే పోతుంది, ఆ లైన్ మీద మేరీల్యాండ్ వైపు హయట్స్‌విల్, కాలేజ్‌పార్క్ దాకా వెతికితే నలుగురు కలిసి ఉండే ఇళ్లు అద్దె కొంచెం తక్కువకు దొరుకుతాయి.

మెయిళ్లకు జవాబు ఆలస్యమైతే కంగారుపడకండి, నత్తనడక సంగతి ముందే చెప్పాను. వారం చూసి గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫీసుకు ఫోన్ చేయించండి. ఎండాకాలంలో వాళ్లు మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటారు, మన సాయంత్రం ఏడు దాటాక చేస్తే ఎవరో ఒకరు ఎత్తుతారు. మాట్లాడేది అమ్మాయే అయితే మంచిది. మీరు పక్కన కూర్చోండి చాలు.